ఎత్తు లెక్కలు, మూడో పాఠం: తల్లిదండ్రుల ఎత్తు నుంచి పిల్లల ఎత్తు

కిందటి పాఠంలో మడమలు, పిరుదులు గోడకు ఆనించి, చూపు నేరుగా ముందుకు పెట్టించి ఎత్తు కొలవడం నేర్చుకున్నాం. ఈసారి తండ్రి కొలత, తల్లి కొలత తీసుకుని, బిడ్డ పెద్దయ్యాక ఎంత ఎత్తు రావచ్చో అంచనా కడదాం. లెక్క రెండు నిమిషాల పని. అది ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడమే అసలు పాఠం.

ఇద్దరి ఎత్తులూ సెంటీమీటర్లలో కూడండి. అబ్బాయికైతే 13 కలపండి, అమ్మాయికైతే 13 తీసేయండి. వచ్చినదాన్ని సగం చేయండి. తండ్రి 168, తల్లి 154 అయితే అబ్బాయికి 335లో సగం 167.5, అమ్మాయికి 309లో సగం 154.5. పెద్దవాళ్లలో మగవారి సగటుకీ ఆడవారి సగటుకీ ఉండే తేడాయే ఆ 13.

వచ్చిన అంకె ఒక్కటే చెప్పి ఊరుకోకండి. దానికి అటూ ఇటూ 8.5 సెం.మీ. వదలాలి. పై అబ్బాయి 159 నుంచి 176 మధ్య ఎక్కడైనా ఆగవచ్చు. ఇంత వెడల్పు ఎందుకంటే ఎత్తును నడిపే జన్యు మార్పులు వేలల్లో ఉన్నాయి. 54 లక్షల మంది సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనం ఎత్తుతో ముడిపడిన 12,111 మార్పులను గుర్తించింది. వాటిలో చాలావాటి ప్రభావం విడిగా చూస్తే మిల్లీమీటర్లలోనే ఉంటుంది. తల్లి దగ్గరున్నవాటిలో సగం, తండ్రి దగ్గరున్నవాటిలో సగం బిడ్డకు వస్తాయి. ఏ సగం వస్తుందన్నది మాత్రం ప్రతి బిడ్డకూ మారుతుంది. అందుకే సొంత అన్నదమ్ముల మధ్యే అరచేతి వెడల్పు తేడా కనిపిస్తుంది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే ఒకే ఒక్క జన్యువులో మార్పు వల్ల వచ్చే ఎకాండ్రోప్లేసియా లాంటి మరుగుజ్జుతనానికి ఈ లెక్క పనికిరాదు. అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రులు మామూలు ఎత్తువారే.

తప్పులు చాలావరకు కొలతల దగ్గరే మొదలవుతాయి. నోటిమాటగా చెప్పిన ఎత్తు రాసుకోకండి, మనుషులు ఒకటి రెండు సెంటీమీటర్లు కలిపే చెబుతారు. అడుగుల్ని మార్చేటప్పుడు మరీ జాగ్రత్త: 5 అడుగుల 6 అంగుళాలంటే 167.6 సెం.మీ. దాన్నే 5.6 అడుగులని కొడితే 170.7 వస్తుంది. ఆ 3 సెం.మీ. తేడా అంచనాలోకీ పాకుతుంది.

తల్లిదండ్రులిద్దరూ బాగా పొడుగైనా, బాగా పొట్టి అయినా సూత్రం అతి చేస్తుంది. మగవారి సగటు 175, ఆడవారి సగటు 162 ఉన్నచోట తండ్రి 190, తల్లి 175 అనుకోండి. సూత్రం అబ్బాయికి 189 ఇస్తుంది, అంటే సగటుకు 14 ఎక్కువ. పిల్లలు ఆ తేడాలో సుమారు మూడింట రెండొంతులే నిలుపుకుంటారని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే చూపించాడు. ఆ లెక్కన 184 దగ్గర ఆశించడం మేలు. తల్లిదండ్రుల అసాధారణ ఎత్తులో కొంత జన్యువులది కాదు, వాళ్లు పెరిగిన పరిస్థితులది. ఆ వాటా బిడ్డకు సంక్రమించదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడే అంకె ఒకటుంది. ఎత్తుకు అనువంశికత సుమారు 80 శాతం అంటారు. అంటే మీ 170లో 136 జన్యువులవి, 34 తిండివి అని కాదు. ఒకే కాలంలో, దాదాపు ఒకేలా తిని పెరిగిన జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అంత భాగం జన్యు తేడాల వల్ల వస్తుందని మాత్రమే దాని అర్థం. కాలం మారితే కథ వేరు. 1896లో పుట్టినవారితో పోలిస్తే 1996లో పుట్టిన దక్షిణ కొరియా మహిళలు 20 సెం.మీ. పొడుగు. నాలుగైదు తరాల్లో జన్యువులు అంతగా మారవు. మారింది తిండి, నీళ్లు, జబ్బులు. మాటిమాటికీ విరేచనాలైతే తిన్నది ఒంటబట్టదు, కాలేయం నుంచి వచ్చే, ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్-1 హార్మోను తగ్గుతుంది, ఎముక చివరల గ్రోత్ ప్లేట్లలో కణాల విభజన మందగిస్తుంది. గర్భం నుంచి రెండేళ్ల దాకా పడే ఇలాంటి దెబ్బలు తర్వాత పూర్తిగా పూడటం కష్టం.

కాబట్టి సూత్రం వాడేముందు ఒక ప్రశ్న వేయాలి: తల్లిదండ్రులు తమ జన్యువులు అనుమతించినంత ఎత్తు పెరిగారా? చిన్నప్పుడే గిడసబారినవారైతే వాళ్ల ఎత్తు పెట్టి వేసిన అంచనా బిడ్డకు తక్కువే వస్తుంది. అలాంటప్పుడు బిడ్డ ఎత్తును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ఎదుగుదల పట్టికతో పోల్చి చూడటం మంచిది. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో మంచి పరిస్థితుల్లో పెరిగిన పిల్లల్ని కొలిచి తయారుచేసిన పట్టిక అది. అయిదేళ్లలోపు పిల్లల ఎదుగుదల ఆరు చోట్లా దాదాపు ఒకేలా ఉంది.

‘వాళ్ల వంశమే పొట్టి’ అన్న మాట వినిపిస్తే వేగం చూడండి. పొట్టి కుటుంబంలోని ఆరోగ్యవంతమైన బిడ్డ కూడా నాలుగేళ్ల నుంచి యుక్తవయసు దాకా ఏడాదికి 5 సెం.మీ. అటూ ఇటూగా పెరుగుతుంది. 4 కన్నా తగ్గితే తప్పు వంశానిది కాకపోవచ్చు. థైరాయిడ్, పేగుల జబ్బు, గ్రోత్ హార్మోను లోపం ఉన్నాయేమో పిల్లల డాక్టరు చూడాలి. నెలనెలా కొలిచి కంగారుపడకండి. నెలకు వచ్చే పెరుగుదల 4 మిల్లీమీటర్లు, కొలతలో దొర్లే తప్పు కూడా ఇంచుమించు అంతే. ఆరు నెలలకోసారి, రోజులో అదే వేళకు కొలవండి. పొద్దున్నుంచి సాయంత్రానికి వెన్నెముక ఒక సెంటీమీటరు దాకా కుదించుకుపోతుంది.

అభ్యాసం: తండ్రి 5 అడుగుల 4 అంగుళాలు, తల్లి 4 అడుగుల 11 అంగుళాలు. ఇద్దరూ బాల్యంలో తిండికి ఇబ్బంది పడ్డారు, కొడుక్కి ఆ కొరత లేదు. అంచనా కట్టి, దానికి పైన చూడాలో కింద చూడాలో కారణంతో రాయండి. ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు తెలుసుకోవడం నాలుగో పాఠంలో చూద్దాం.