ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే

విజయవాడలో ఇంటి పన్నును అర్ధసంవత్సరానికి ఒకసారి కట్టే ఇళ్లలో గడువు దాటిపోయి, నెలకు 2 శాతం చొప్పున వడ్డీ మీద పడడం తరచూ జరిగేదే. దానికి బదులు ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు ఒకేసారి చెల్లిస్తే 5 శాతం రాయితీ వస్తుంది. అంటే 6,000 రూపాయల పన్నులో 300 రూపాయలు మిగులుతాయి. పాత రసీదుపై ఉన్న అసెస్‌మెంట్ నంబరును పురపాలక శాఖ వెబ్‌సైటులో ఇచ్చి, తెరపై కనిపించే యజమాని పేరు, డోర్ నంబరు మన ఇంటివేనని సరిచూసుకున్నాకే డబ్బు కట్టాలి, ఎందుకంటే ఒక్క అంకె తారుమారైనా ఆ సొమ్ము వేరే ఇంటి ఖాతాలో జమ కావచ్చు. అయితే పాత బకాయిలకు ఈ రాయితీ వర్తించదు. వాటిని అలాగే వదిలేస్తే డిమాండు నోటీసుతో మొదలై సామాన్ల జప్తు వారంటు వరకూ వెళ్లే అధికారం నగరపాలక సంస్థకు ఉంది.