ఫైర్ సర్వీసులో పెద్ద ఆఫీసర్ కావాలంటే ఎలా?

ముందే ఒక మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ శాఖ డైరెక్టర్ జనరల్ కుర్చీ సాధారణంగా ఐపీఎస్ వాళ్లదే. శాఖలో చేరి ఎదిగేవాళ్లు జిల్లా ఫైర్ ఆఫీసర్, రీజినల్ ఫైర్ ఆఫీసర్, ఆ పై పోస్టుల మీద గురి పెట్టుకోవాలి.

1. ఏ గుమ్మంలోంచి వెళ్లాలో తేల్చుకోండి. ఇంటర్‌తో ఫైర్‌మన్‌గా చేరొచ్చు, కానీ అక్కడి నుంచి పైకి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. వయసుంటే డిగ్రీ పూర్తి చేసి, పోలీసు నియామక మండలి ఎస్సై పోస్టులతో కలిపి పిలిచే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పరీక్ష రాయడమే మేలు. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1లో డివిజనల్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు కూడా పడుతుంటాయి.

2. స్టేషన్‌లో గడిపే ఏళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. అసలు చదువు అక్కడే. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయింది పొగకు ఊపిరాడకే. అందుకే లోపలికి పంపే ప్రతి మనిషి బీఏ సెట్ (పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున తగిలించుకునే గాలి సిలిండర్, మాస్కు) గేజ్ మీరే చూడాలి. సిలిండర్ నిండుగా ఉంటే 300 బార్ ప్రెషర్ చూపిస్తుంది, 55 బార్ దగ్గరికి దిగాక విజిల్ మోగుతుంది. విజిల్ దాకా ఆగితే ఆలస్యమే. ఎంత లోపలికి వెళ్లారో, తిరిగి రావడానికి ఎంత గాలి కావాలో బయట నిలబడ్డ ఆఫీసరే లెక్క కట్టి వెనక్కి పిలవాలి. టెన్షన్‌లో ఈ లెక్క తప్పకూడదంటే డ్రిల్లులో వందసార్లు చేసి ఉండాలి.

3. కాగితం పనికి మొహం చాటేయొద్దు. పై పోస్టుల్లో పైపు కంటే ఫైలే ఎక్కువ పట్టుకోవాలి. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం, జాతీయ భవన నిర్మాణ కోడ్ నాలుగో భాగం క్షుణ్ణంగా చదవండి. మెట్ల వెడల్పు చాలదని ఒక భవనానికి ఎన్‌ఓసీ (మన శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఆపితే ఫోన్లు వస్తాయి. అప్పుడు నిబంధన నంబరుతో సహా చెప్పగలగాలి.

4. నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ కోర్సుకు పంపుతామంటే, ఇంట్లో పెళ్లి ఉన్నా సర్దుకుని వెళ్లండి.

5. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఫైరింజన్‌లోని 4,500 లీటర్ల ట్యాంకు, పంపు పూర్తి జోరు మీదుంటే కొద్ది నిమిషాల్లోనే ఖాళీ. మీ పరిధిలో నీళ్లు నింపుకునే చోట్లన్నీ అందులో రాసి, ఎండాకాలం ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రండి. సంక్రాంతికి నిండుగా ఉన్న చెరువు మే నెలలో క్రికెట్ గ్రౌండై ఉంటుంది.