కోడ్ మారిన వెల్ష్ ఆటగాడి రికార్డు రాయడం ఎలా: లూయిస్ జోన్స్ లెక్కతో

రగ్బీలో యూనియన్, లీగ్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి, వీటినే కోడ్‌లంటారు. యూనియన్ నుంచి లీగ్‌కు వెళ్లిన ఆటగాడి కెరీర్ రాసేటప్పుడు ముందుగా రెండు పట్టికలు గీసుకోండి, ఆటకొకటి. రెండింటి పాయింట్లూ కలిపి ఒకే మొత్తం వేయకండి. అలాంటి మొత్తాలు చాలాచోట్ల కనిపిస్తాయి, కానీ వాటికి అర్థం లేదు.

కారణం పాయింట్ల విలువల్లో ఉంది. యూనియన్‌లో ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు తాకించడం) 1971 దాకా 3 పాయింట్లు, ఆపైన 4, 1992 నుంచి 5. లీగ్‌లో 1983 దాకా 3, తర్వాత 4. ట్రై తర్వాతి అదనపు కిక్, అంటే కన్వర్షన్‌కు రెండింట్లోనూ 2. ప్రత్యర్థి తప్పు చేస్తే దొరికే కిక్, అంటే పెనాల్టీ గోల్‌కు యూనియన్‌లో 3, లీగ్‌లో 2. డ్రాప్ గోల్ (ఆట సాగుతుండగా బంతిని నేలకు వదిలి తన్నే గోల్) యూనియన్‌లో 3. బ్రిటన్ లీగ్‌లో 1974 దాకా 2, అక్కడినుంచి 1. ఉదాహరణకు 1988లో ఒకడు రెండు ట్రైలు, రెండు కన్వర్షన్లు, రెండు పెనాల్టీలు, ఒక డ్రాప్ గోల్ చేశాడనుకుందాం. యూనియన్‌లో అయితే 21, లీగ్‌లో అయితే 17.

అందుకే పాయింట్లకన్నా ముందు ట్రైలు, గోల్స్ రాసుకుని, వాటిని ఆ ఏడాది విలువలతో హెచ్చవేసి చూడండి. వేల్స్‌లోని యూనియన్ క్లబ్ లానెల్లి నుంచి 1952లో 6,000 పౌండ్లకు ఇంగ్లండ్‌లోని లీగ్ క్లబ్ లీడ్స్ తీసుకున్న లూయిస్ జోన్స్‌నే చూడండి. 1956-57 సీజన్‌లో ఆయనవి 36 ట్రైలు, 194 గోల్స్. 36×3 అంటే 108, 194×2 అంటే 388, మొత్తం 496. రికార్డుల్లో ఉన్నదీ అదే. తెలియక ట్రైకి 4 వేస్తే 532 వస్తుంది. అప్పుడు పట్టికే తప్పనుకుని మంచి అంకెను దిద్దేస్తారు.

ఇదే సీజన్‌కు ఇంకోచోట 431 అని ఉంటుంది. అదీ తప్పు కాదు. అది లీడ్స్ తరఫున చేసిన 33 ట్రైలు, 166 గోల్స్ లెక్క. 496లో క్లబ్ బయటి మ్యాచ్‌లూ ఉన్నాయి. ఏ అంకె వాడినా పక్కన 'క్లబ్' అనో 'అన్ని మ్యాచ్‌లు' అనో రాయాల్సిందే.

లీగ్ పట్టికల్లో 'గోల్స్' గడిలో కన్వర్షన్లూ పెనాల్టీలూ కలిసే ఉంటాయి. పాత సీజన్లలో డ్రాప్ గోల్స్ కూడా అందులోనే. వాటిని విడదీసి యూనియన్ విలువలకు మార్చాలంటే ఒక్కో మ్యాచ్ రిపోర్టు తిరగేయాలి. లేదంటే ఆ పోలిక వదిలేయడమే మేలు.

'లయన్స్' అన్న మాట దగ్గరా ఆగి చూడండి. జోన్స్ 1950లో యూనియన్ లయన్స్‌తో, అంటే బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టుతో పర్యటించాడు. 1954లో ఆస్ట్రేలియా వెళ్లింది లీగ్‌లోని గ్రేట్ బ్రిటన్ జట్టుతో. దాన్నీ లయన్స్ అనే పిలిచేవారు. రెండూ వేర్వేరు పట్టికల్లోకి వెళ్లాలి.

1995 ఆగస్టులో యూనియన్ ప్రొఫెషనల్ (డబ్బు తీసుకుని ఆడే) ఆటకు తలుపు తీసేదాకా, లీగ్‌కు వెళ్లినవాడికి యూనియన్‌లోకి తిరిగి దారి లేదు. మరో వెల్ష్ ఆటగాడు జోనథన్ డేవీస్ 1989 జనవరిలో లీగ్ క్లబ్ విడ్నెస్‌లో చేరాడు, 1995లో యూనియన్ క్లబ్ కార్డిఫ్‌కు వచ్చాడు. ఈ మధ్య ఏళ్లలో యూనియన్ గడి ఖాళీగా ఉంటే దాన్ని గాయంగానో ఫామ్ పోవడంగానో రాయకండి. 1988-89 మాత్రం రెండు పట్టికల్లోనూ వస్తుంది.

జెర్సీ నంబరునుబట్టి స్థానం ఊహించకండి. యూనియన్‌లో 10 ఫ్లై-హాఫ్, లీగ్‌లో 10 ప్రాప్. యూనియన్‌లో ఫుల్‌బ్యాక్ నంబరు 15, లీగ్‌లో 1.