కారు ఎన్నాళ్లకోసారి కడగాలి? నెల్లూరు, ప్రకాశం కార్లకు వచ్చే మచ్చలు, గీతలు, తుప్పు

వారానికోసారా, పదిహేను రోజులకా, రోజూనా అంటే మన వైపు ఒకే జవాబు చెల్లదు. మైపాడు బీచికి వెళ్లొచ్చిన కారుకూ, చీమకుర్తి క్వారీల రోడ్డు మీద తిరిగే కారుకూ, ఇంటి షెడ్డులో నీడపట్టున ఉండే కారుకూ లెక్క వేరు. దుమ్ము ఒక్కటే అయితే పది, పదిహేను రోజులు ఆగొచ్చు. ఉప్పు, పిట్ట రెట్ట, బురద ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. మీ కారు మీద ఏం కనిపిస్తోందో చూసి కింద వెతుక్కోండి.

సమస్య: కడిగిన కాసేపటికే తెల్లటి చుక్కలు

షాంపూ మారిస్తే ఇవి పోవు, ఎందుకంటే తేడా నీళ్లలో ఉంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కనిగిరి, పొదిలి వైపు బకెట్ల లోపల, కుళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, కారు మీద పడేదీ అదే. పైగా ఎండలో కడుగుతాం. మే నెల మధ్యాహ్నం నల్ల కారు బానెట్ 70 డిగ్రీల దాకా కాలుతుంది. నీళ్లు పోసి మగ్గు కింద పెట్టేలోపే ఆరిపోయి, లవణాలు పెయింటుకు అంటుకుంటాయి.

పొద్దున ఏడు లోపు కడగండి, కుదరకపోతే సాయంత్రం, బానెట్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగే వేడికి దిగాక. కారంతా ఒకేసారి తడపొద్దు. టాపు, బానెట్, ఒక పక్క, ఇంకో పక్క అంటూ విడివిడిగా కడిగి, నీళ్లు ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దేయాలి. ఇప్పటికే మచ్చలుంటే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, అందులో ముంచిన గుడ్డను మచ్చ మీద రెండు మూడు నిమిషాలు పరిచి, తర్వాత బాగా నీళ్లు పోసి కడిగేయండి. ఇది నీడలోనే చెయ్యాలి. నెలల తరబడి వదిలేసిన మచ్చలు పెయింటులోకి దిగిపోతాయి, వాటికి పాలిషే దిక్కు.

ఇంకో సంగతి. ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు పట్టి కారు కడిగే ఇళ్లు చాలా ఉన్నాయి. పొదుపు మంచిదే గానీ ఆ నీళ్లలో లవణాలు మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువ. వాటితో వాకిలి కడుక్కోండి. కారుకు చివర పోసే బకెట్ వరకైనా ఒంగోలులో సాగర్ నీళ్లు, నెల్లూరులో పెన్నా నీళ్లు, అంటే మున్సిపాలిటీ కుళాయివి వాడితే సగం మచ్చలు రావు. ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి పెట్టుకుంటే అద్దాలకు భలే పనికొస్తాయి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు.

సమస్య: తలుపుల అడుగున, కారు కింద ఎర్రటి తుప్పు

మైపాడు, కోడూరు, కొత్తపట్నం బీచ్‌లకు వెళ్లొచ్చి, ఇసుకలోకి దించలేదు కదా అని ఊరుకుంటారు. రోడ్డు మీదే ఆపినా గాలిలో వచ్చే ఉప్పు తుంపర చాలు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, దాంతో ఇనుము ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది.

వచ్చిన సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో మంచినీళ్ల పైపు పట్టండి. సబ్బు అక్కర్లేదు. అందరూ అద్దాలు, బానెట్ కడిగి వదిలేస్తారు, అసలు కడగాల్సింది చక్రాల పైన గూడు, తలుపు కింది అంచు, సైలెన్సర్, కారు అడుగు. తీరం ఊళ్లలోనే ఉండేవాళ్లు వారానికోసారి పైన, నెలకు రెండుసార్లు అడుగున కడిగించుకోవాలి. రొయ్యల చెరువుల మీదికి తిరిగే కార్లకు అదనంగా ఇంకో బెడద ఉంది. టెస్టుకు పట్టుకెళ్లే చెరువు నీళ్లు డిక్కీలో ఒలికి, మ్యాట్ కింద ఇంకిపోతాయి. పైకి ఏమీ కనపడదు. మ్యాట్ ఎత్తి తడిగుడ్డతో తుడిచి, డిక్కీ తెరిచి ఆరబెట్టండి.

సర్వీసింగ్ షెడ్డులో అడుగున డీజిల్ కొట్టమంటారా అని అడుగుతారు. వద్దనండి. ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. తుప్పు భయముంటే కడిగి బాగా ఆరాక అండర్ కోటింగ్, అంటే కారు అడుగుకు తుప్పు పట్టకుండా వేసే పూత, వేయించుకోవడం మేలు.

తలుపు వేసేటప్పుడు లోపల నీళ్లు గుడగుడమంటున్నాయా? తలుపు అడుగున నీళ్లు పోయే సన్నటి రంధ్రాలు మట్టితో పూడిపోయాయన్నమాట. ప్లాస్టిక్ పుల్లతో తీయండి. ఇనప తీగతో పొడిస్తే అక్కడ పెయింటు లేచి, కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది. కడిగిన మర్నాడు బ్రేక్ డిస్కు మీద కనిపించే పసుపు, ఎరుపు పొరకు మాత్రం టెన్షన్ పడొద్దు. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది.

సమస్య: ఎండలో చూస్తే గుండ్రంగా సన్నటి గీతలు

రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దులిపే అలవాటు వల్ల వచ్చేవి. ఈ విషయంలో వాచ్‌మన్ శ్రద్ధ ఎంత ఎక్కువైతే గీతలు అన్ని ఎక్కువ. పెయింటు పైన ఉండే క్లియర్ కోటు మందం 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా పలచన. చీమకుర్తి క్వారీల వైపు రాతిపొడి, కృష్ణపట్నం రోడ్డులో బొగ్గు దుమ్ము ఉంటాయి. రాతిపొడి మీద గుడ్డ లాగితే ఆ పని ఉప్పుకాగితం చేసినట్టే.

ముందు పైనుంచి కిందికి నీళ్లు పోసి దుమ్ము జారనివ్వండి, ఆ తర్వాతే గుడ్డ. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఒక బకెట్ పెట్టుకోండి. గుడ్డ కింద పడితే అది ఆ రోజుకు కారుకు పనికిరాదు. బట్టల పౌడరు, గిన్నెల లిక్విడ్ వాడితే పెయింటు మీది వాక్స్ పోయి మెరుపు తగ్గుతుంది. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పినా అంతే, గాలికి కవరు ఊగినప్పుడల్లా గీతలే. పాలిష్‌తో గీతలు పోతాయి, కానీ పోయేది క్లియర్ కోటును అరగదీసి. అందుకే ఏటేటా చేయించొద్దు.

సమస్య: రెట్ట, పురుగుల మరకలు పోవడం లేదు

చింతచెట్టు కింద నీడ బాగుంటుంది, పిట్టలూ ఉంటాయి. రెట్ట ఎండకు కాలితే పెయింటును తింటుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే తీసేయాలి. గోకొద్దు. తడిగుడ్డ పరిచి పది నిమిషాలు నానబెట్టి ఎత్తేయండి. రాత్రిపూట హైవే ఎక్కినప్పుడు బంపరు మీద చితికే పురుగులకూ ఇదే వైద్యం.

సమస్య: వానల్లో కారు లోపల ముక్కిన వాసన, కాళ్ల దగ్గర తడి

మన రెండు జిల్లాలకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు కారును వానే కడిగేస్తుందిలే అనుకుంటాం. వాన దుమ్మును బురద చేసి మూలల్లోకి తోస్తుంది, అంతే. బురదలో తిరిగొస్తే అది ఎండి గట్టిపడకముందే చక్రాల గూళ్లు కడగాలి. లోపలి తడికి ఎక్కువసార్లు కారణం వైపర్ల కింద ఉండే జాలీ. అక్కడ వేపాకు చేరి, నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, నీళ్లు లోపలికి వస్తాయి. సెప్టెంబరులోనే బానెట్ ఎత్తి ఆకులు చేత్తో ఏరేసి, ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి చూడండి. నీళ్లు ముందు చక్రం వెనక నుంచి కారితే దారి బాగున్నట్టే. నిలిచిపోతే మాత్రం ప్రెషర్ పైపు పెట్టకుండా మెకానిక్‌కు చూపించండి, ఆ పక్కనే వైరింగు ఉంటుంది.