జర్మనీలో టోరెంట్ నోటీసు: అబ్‌మానుంగ్ రాకుండా, వస్తే ఏం చేయాలి

జర్మనీలో దిగిన రోజే, రూమ్ వైఫైకి కనెక్ట్ కాకముందే లాప్‌టాప్‌లో ఒక్కటి చూసుకోండి: టోరెంట్ ప్రోగ్రాం ఏమైనా ఉందా? బీటెక్ రోజుల్లో వేసుకున్న యూటోరెంట్, విండోస్ ఆన్ అవగానే తనంతట తానే లేచి కూర్చునే సెట్టింగ్‌తో ఉంటుంది. లిస్టులో ఏ పాత సినిమా పక్కనైనా ‘సీడింగ్’ అని ఉంటే, నెట్ తగిలిన నిమిషం నుంచే అది ఇక్కడి లైన్ మీద అప్‌లోడ్ అవుతుంది. మీరు ఏ బటనూ నొక్కక్కర్లేదు. కాబట్టి నెట్ లేనప్పుడే ప్రోగ్రాం తెరిచి, లిస్టు మొత్తం ఖాళీ చేసి, స్టార్టప్‌లోంచి తీసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్లో ఉన్నా అంతే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇక్కడ ఉత్తరం (అబ్‌మానుంగ్, అంటే సినిమా హక్కుదారుల లాయర్లు పంపే హెచ్చరిక నోటీసు) వచ్చేది డౌన్‌లోడ్ చేసినందుకంటే అప్‌లోడ్ చేసినందుకే. టోరెంట్‌లో ఫైలు ముక్కలు ముక్కలుగా దిగుతుంది, దిగిన ప్రతి ముక్కనూ మీ కంప్యూటర్ అదే క్షణంలో ఇతరులకు పంచుతుంది. జర్మన్ కాపీరైట్ చట్టంలో 19ఎ సెక్షన్ ప్రకారం ఇది జనానికి అందుబాటులో పెట్టడం, ఆ హక్కు నిర్మాతది. హక్కుదారులు పెట్టుకున్న నిఘా కంపెనీలు ఆ ఫైలు పంచుకునేవాళ్ల గుంపులోనే చేరి, ఎవరి ఐపీ (నెట్ కనెక్షన్‌ను గుర్తించే అంకె) ఏ తేదీన, ఏ సెకనుకు, ఏ ఫైలు పంచుతోందో రాసుకుంటాయి. తర్వాత కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, ఆ ఐపీ ఆ సమయంలో ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీని అడుగుతాయి. ఐపీ రికార్డులు కొద్ది రోజులే ఉంటాయి కదా (డాయిచె టెలికామ్ ఉంచేది 7 రోజులు) అనుకుని ధీమాగా ఉండకండి. చెరిపేయకుండా ఆపే ఉత్తర్వు ముందే వస్తుంది. పేరు, చిరునామా బయటికి వచ్చి ఉత్తరం చేరేసరికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

పాప్‌కార్న్ టైమ్ లాంటి యాప్‌ల దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. చూడటానికి స్ట్రీమింగ్‌లా ఉంటుంది, లోపల నడిచేది టోరెంటే. అసలైన స్ట్రీమింగ్ సైట్ల సంగతి వేరు. దొంగ సైట్ అని స్పష్టంగా తెలిసే చోట చూడటం కూడా తప్పేనని యూరోపియన్ కోర్టు 2017 ఏప్రిల్‌లో తేల్చింది. అయినా చూసినవాళ్లకు ఉత్తరాలు రావడం అరుదు, ఎందుకంటే అక్కడ మీ ఐపీ ఆ సైట్ నడిపేవాడికి తప్ప బయటివాళ్లకు కనబడదు. వీపీఎన్ (అసలు ఐపీని దాచే సర్వీసు) ఉంది కదా అనేవాళ్లకు ఒక మాట: అది ఒక్క నిమిషం తెగినా చాలాసార్లు టోరెంట్ ఆగదు, అసలు ఐపీతోనే నడుస్తుంది. నిఘాకి ఆ నిమిషం చాలు.

ఉత్తరం ఎలా ఉంటుంది

అబ్‌మానుంగ్ అంటే పోలీసు కేసు కాదు, కోర్టు సమన్లూ కాదు. లాయర్ల ఆఫీసు పంపే సివిల్ హెచ్చరిక. నాలుగైదు పేజీలు, సినిమా లేదా సిరీస్ పేరు, తేదీ, సమయం, ఐపీ, చివర సంతకం చేసి పంపమని ఒక ఫారం. అడిగే సొమ్ము ఒక్క సినిమాకు 700 యూరోల నుంచి 1000 దాటే దాకా ఉంటుంది. హక్కుదారు ఎవరో, తప్పేమిటో, సొమ్ములో నష్టపరిహారం ఎంత, వకీలు ఖర్చు ఎంత అన్నది విడివిడిగా చూపించాలని అదే కాపీరైట్ చట్టంలో 97ఎ సెక్షన్ చెబుతుంది. అది లేకపోతే ఆ నోటీసు చెల్లదని వాదించవచ్చు.

ఈమెయిల్‌లో జిప్ ఫైలుతో వచ్చే ‘కాపీరైట్ నోటీసు’ దాదాపు ఎప్పుడూ మోసమే. తెరవకండి. అసలుది మామూలుగా పోస్టులో వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఉత్తరం మీది నంబరు వాడకుండా, ఆ ఆఫీసు పేరు విడిగా వెతికి సరిచూసుకోండి.

వచ్చిన రోజు కవరు మీద తేదీ రాసి, కవరుతో సహా దాచండి. ఉత్తరంలో రెండు గడువులు ఉంటాయి: సంతకం ఫారానికి ఒకటి, చాలాసార్లు వారం పది రోజులే. డబ్బుకు ఇంకొకటి. భయం వేసినా ఆఫీసుకు ఫోన్ చేయవద్దు. ‘సారీ, తెలియక చేశాను’ అని నోరు జారితే తర్వాత మీ వకీలు చేయగలిగింది తగ్గిపోతుంది. అట్టడుగున పెట్టేసి మరిచిపోయినా అంతే ప్రమాదం: మొదటి గడువు దాటితే వాళ్లు కోర్టు నుంచి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తేవచ్చు, ఆ ఖర్చు అసలు అడిగినదాన్ని మించవచ్చు.

వాళ్ల ఫారం మీద సంతకం వద్దు, సొంతంగా రాసిన హామీ కావాలి

ఆ ఫారాన్ని ఉంటర్లాసుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అంటారు: ఇకపై చేయనని, చేస్తే జరిమానా కడతానని హామీ. వాళ్లు పంపిన నమూనాలో తప్పు ఒప్పుకోవడం, డబ్బు కట్టే మాట, విస్తృతమైన పదాలు కలిపి ఉండే అవకాశం ఉంది. ఒక్కసారి సంతకం పెడితే అది జీవితాంతం మీ మెడకు ఉంటుంది. వకీలు దాన్ని మార్చి రాస్తారు: ఆ ఒక్క సినిమా పేరు మాత్రమే ఉంటుంది, చట్టపరమైన బాధ్యతను ఒప్పుకోకుండానే కట్టుబడుతున్నట్టు ఒక వాక్యం ఉంటుంది, జరిమానా అంకె వేయకుండా కోర్టు సరిచూడగల మొత్తం అని వదిలేస్తారు. ఒక సినిమాకే పరిమితం చేస్తే అదే హక్కుదారు వేరే సినిమాకు మళ్లీ నోటీసు పంపవచ్చు, అన్ని సినిమాలకూ రాస్తే హామీ భారం పెరుగుతుంది. దీనికి అందరికీ సరిపడే జవాబు లేదు, మీ లాప్‌టాప్‌లో ఏమేం పంచబడిందో వకీలుకు దాచకుండా చెప్పి తేల్చుకోవాలి.

సంతకం పెట్టే ముందు ఆ ఫైలు, ఆ టోరెంట్ ఎంట్రీ, ప్రోగ్రాం అన్నీ పోవాలి. హామీ పంపిన రాత్రి కూడా పాత లాప్‌టాప్ మూలనుంచి అదే సినిమా పంచుతూ ఉంటే, అప్పుడు వచ్చేది నోటీసు కాదు, జరిమానా బిల్లు. హామీ అసలు ప్రతిని ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్‌లో (లెటర్‌బాక్స్‌లో వేసే రిజిస్టర్డ్ పోస్టులో) పంపి రసీదు ఉంచుకోండి.

డబ్బు విషయం విడిగా చూడాలి. ప్రైవేటు వ్యక్తుల మొదటి నోటీసులో, చేయవద్దనే డిమాండుకు వాళ్ల వకీలు ఫీజు లెక్కించే కేసు విలువను సాధారణంగా 1000 యూరోలు దాటించకూడదని 2013 అక్టోబరు నుంచి చట్టంలో ఉంది. అలా చూస్తే వకీలు ఖర్చు 150 యూరోల చుట్టుపక్కలే అవుతుంది. మిగిలినదంతా నష్టపరిహారం పేరుతో అడిగేది, దానికి ఈ పరిమితి లేదు, బేరం జరిగేదీ అక్కడే. వాయిదాలూ అడగవచ్చు. మూడేళ్లు ఆగితే పోతుందనే సలహా సగమే నిజం. నోటీసు వచ్చిన ఏడాది చివరి నుంచి మూడేళ్ల లెక్క వకీలు ఖర్చుకే. నష్టపరిహారాన్ని పదేళ్ల వరకు అడగవచ్చని సుప్రీం సివిల్ కోర్టు బేగేహా 2016 మేలో చెప్పింది.

వేగేలో (షేర్డ్ ఫ్లాట్‌లో) ఉన్నవాళ్లకు

నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఇంటర్నెట్ కాంట్రాక్టు ముందుగా వచ్చిన సీనియర్ అన్న పేరున ఉంటుంది. ఉత్తరం అతనికే వస్తుంది, మీరు సినిమా దించుకుని ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన మూడు నెలలకు. కాంట్రాక్టు పేరున్నవాడే దోషి అని చట్టం అనదు. పెద్దవాళ్లయిన కుటుంబ సభ్యుల విషయంలో 2014 జనవరిలో, రూమ్మేట్లు, అతిథుల విషయంలో 2016 మేలో బేగేహా స్పష్టం చేసింది: అనుమానించే కారణం లేనంతవరకు వాళ్లను ముందే హెచ్చరించాల్సిన, కాపలా కాయాల్సిన పని లేదు. అయితే ‘అందరం వాడతాం’ అని చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ఏ పరికరం ఉంది, ఎవరిని అడిగితే ఏం చెప్పారు అని పేర్లతో సహా వివరించాలి. ఎవరు చేశారో తెలిసీ చెప్పనంటే భారం కాంట్రాక్టుదారుడి మీదే పడవచ్చు. పిల్లలున్న ఇంట్లో, ఇలాంటివి చేయకూడదని వాళ్లకు ముందే చెప్పి ఉండటం ముఖ్యం. 2012 నవంబరులో 13 ఏళ్ల అబ్బాయి కేసులో తల్లిదండ్రులు బయటపడింది అందువల్లే.

అందుకే ఇంట్లోకి ఎవరు ఏ తేదీన వచ్చారో, ఎప్పుడు వెళ్లారో, కొత్త చిరునామా ఏమిటో ఒక కాగితం మీద సంతకాలతో ఉంచుకోండి. వైఫై పాస్‌వర్డ్ రౌటర్‌తో వచ్చిన, ఆ ఒక్క రౌటర్‌కే ఇచ్చినదైనా, మీరు పెట్టిన పొడుగుదైనా ఫర్వాలేదు, కానీ వైఫై భద్రతా సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ2 లేదా 3 ఉండాలి. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

పసుపు కవరు

డబ్బు కట్టకపోతే గుర్తుచేసే ఉత్తరాలు చాలా వస్తాయి, వసూలు ఏజెన్సీ భాష గట్టిగా ఉంటుంది. వాటికంటే ముఖ్యమైనది ఒక్కటే: పసుపు కవరులో వచ్చే కోర్టు మాన్‌బెషైడ్ (డబ్బు కట్టమనే ఉత్తర్వు). పోస్ట్‌మ్యాన్ కవరు మీద రాసిన తేదీ నుంచి రెండు వారాలు. లోపలి ఫారంలో మొత్తం డిమాండును తిరస్కరిస్తున్నట్టు గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి పంపాలి. కారణాలు రాయక్కర్లేదు. ఆ కోర్టు ఎవరిది న్యాయమో చూడకుండానే అది పంపుతుంది, కాబట్టి మీరు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క, ఆ తర్వాత బ్యాంకు ఖాతా దాకా వస్తుంది. లెటర్‌బాక్స్ మీద మీ పేరు ఉండాలి, ఇల్లు మారితే ఆన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) మార్చుకోవాలి.

సొంతానికి కాపీ

స్నేహితుడి సీడీ నుంచి మీకోసం ఒక కాపీ తీసుకోవడం కాపీరైట్ చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు. పెన్‌డ్రైవ్‌లు, ఫోన్లు, కంప్యూటర్ల ధరలోనే అందుకు రుసుము కలిసి ఉంటుంది. రెండు హద్దులున్నాయి: మూలం దొంగదని స్పష్టంగా ఉండకూడదు, కాపీ రక్షణ తాళం తీయకూడదు. సినిమా డీవీడీల్లో, బ్లూరేల్లో ఎక్కువ భాగం ఈ రెండో దానికి తగిలిపోతాయి. మీరు కొన్న డిస్క్ అయినా సరే.

ఎవరిని అడగాలి

విద్యార్థులైతే ముందు యూనివర్సిటీ ఆస్టా (విద్యార్థి సంఘం) లేదా స్టూడీరెండెన్‌వెర్క్‌లో (విద్యార్థి సేవల సంస్థలో) న్యాయ సలహా వేళలు కనుక్కోండి, చాలాచోట్ల ఉచితం. ఆదాయం తక్కువగా ఉంటే మీ ఊరి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో (స్థానిక కోర్టులో) బెరాటుంగ్స్‌హిల్ఫె (న్యాయ సలహా సాయం) పత్రం అడగవచ్చు. దానితో వకీలుకు కట్టేది 15 యూరోలే. హాంబుర్గ్, బ్రేమెన్‌లలో ఈ పద్ధతి వేరు, అక్కడ ప్రభుత్వ సలహా కేంద్రాలే ఉంటాయి. ఫెర్‌బ్రౌఖర్‌సెంట్రాలేలోనూ (వినియోగదారుల సలహా కేంద్రంలోనూ) సలహా దొరుకుతుంది, దానికి రుసుము ఉంటుంది. న్యాయ బీమా ఉందని నమ్మకండి, చాలా పాలసీల్లో కాపీరైట్ వ్యవహారం మినహాయింపు. వెళ్లేటప్పుడు ఉత్తరం అన్ని పేజీలు, కవరు, ఇంటర్నెట్ కాంట్రాక్టు, ఆ తేదీన ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు తీసుకెళ్లండి. మొదటి గడువుకు నాలుగు రోజులు మిగిలి ఉండగానే వెళ్లాలి.