బ్రేక్ పెడల్ కాలికింద దిగిపోతుంటే

ఒడిశా కొండల్లోని సునాబేడ నుంచి సాలూరులో మా పుట్టింటికి వెళ్లే దారి నాకు కంఠతా వచ్చు. సెమిలిగుడ, కుందులి, పొట్టంగి, సుంకి. సుంకి దాటాక ఇక దిగుడే దిగుడు. రెండేళ్ల కిందట శ్రావణంలో, ఆ దిగుడులో ఒక మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. తడిసిన దూదిమూట మీద కాలేసినట్టు ఇంకా కిందికి వెళ్లింది. గేరు రెండులోకి వేసి, పెడల్ రెండుమూడుసార్లు గబగబా తొక్కితే కారు ఆగింది. ఆగేలోపు నా కాలు కిందికి జారిన ఆ రెండంగుళాలు ఈరోజుకీ మరిచిపోలేదు.

అసలు తప్పు అంతకు వారం ముందే జరిగింది. పెడల్ కాస్త కిందికి వెళ్తోందని రోడ్డు పక్క షెడ్డులో చూపిస్తే, అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి, "ఆయిల్ తగ్గింది మావుసీ, పోసేశాను, ఇంక భయం లేదు" అన్నాడు. నమ్మి వచ్చేశాను. ఆరోజు ఘాటీ దిగి ఇంటికి చేరాక ఈ మాట మా నాన్నకి చెప్పాను. ముప్పై ఏళ్లు అదే ఘాటీలో లారీ నడిపిన మనిషి. "పోసీసి ఎలిపోతే అయిపోద్దేటమ్మా? తగ్గింది ఎటెళ్లిందో సూడవా?" అన్నారు. ఆ సాయంత్రం పెరట్లో బండి నిలబెట్టి నాతోనే అన్నీ వెతికించారు. ఎడమ వెనక చక్రం లోపల, ఆయిల్ ఒత్తిడితో లైనర్లని డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండర్ కారుతోంది. డ్రమ్ విప్పితే, దాన్ని లోపలి నుంచి రాసి ఆపే ఆ లైనర్లు నూనెలో నానిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి మా కారు బ్రేకులు ముందు నేనే చూసుకుంటున్నాను, ఆ తర్వాతే మెకానిక్ దగ్గరికి వెళ్తున్నాను. నాన్న నేర్పింది, నేను చేతులు మసిచేసుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. మన కార్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మన గొట్టాల్లో ఉండేది ఆయిల్. ద్రవం నొక్కితే కుదించుకోదు కాబట్టి కాలి బలం నాలుగు చక్రాలకీ నేరుగా అందుతుంది. అందులో చిన్న గాలిబుడగ చేరినా, కాలి బలం ఆ బుడగని నలపడానికే పోతుంది. పెడల్ మెత్తబడిందంటే, నొక్కితే కుదించుకునేదో, సాగేదో ఎక్కడో ఉందని అర్థం. పెడల్ మెల్లగా దిగిపోతోందంటే, ఆయిల్ ఎటో జారిపోతోందని అర్థం. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. చాలామంది రెంటికీ "బ్రేక్ డౌన్ అవుతోంది" అనే చెబుతారు, మెకానిక్ రెంటికీ ఒకే మందు వేస్తాడు. మీ పెడల్ ఎలా దిగుతోందో మీరే కనిపెట్టి చెప్పగలిగితే సగం పని అయినట్టే.

చదునైన చోట కారు ఆపండి. చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజన్ ఆపేయండి. ఇప్పుడు పెడల్‌ని ఆరేడుసార్లు పూర్తిగా తొక్కి వదలండి. కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ పైకొచ్చి గట్టిపడుతుంది. అప్పుడు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఎంత బలంతో తొక్కుతారో అంతే బలంతో తొక్కి, ఫోన్‌లో ఒక నిమిషం చూసుకుంటూ అలాగే పట్టుకోండి. ఈ ఒక్క నిమిషం చాలా సంగతులు చెబుతుంది.

కదలకుండా రాయిలా నిలబడితే మంచిదే. నిలబడింది కానీ స్ప్రింగు మీద కాలేసినట్టు ఊగుతోందంటే లోపల గాలి ఉన్నట్టే, లేదా రబ్బరు గొట్టాలు పాతబడి ఉబ్బుతున్నట్టు. నొక్కి పట్టుకుంటే దారం వదిలినట్టు మెల్లగా కిందికి జారుతోందంటే ఆయిల్ బయటికైనా కారుతుండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి లోపల్లోపలే వెనక్కైనా పోతుండాలి. మొదటిసారి బాగా కిందికి వెళ్లి, వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కితే పైకొచ్చి గట్టిగా నిలిస్తే, అది చాలాసార్లు వెనక డ్రమ్ముల్లో లైనర్లు డ్రమ్ముకి దూరమైన గుర్తు. హ్యాండ్‌బ్రేక్ కూడా మునుపటికంటే ఎక్కువ క్లిక్కులు పైకొస్తుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. గాలి ఉన్నా రెండోసారికి పెడల్ పైకొస్తుంది, కాకపోతే పైకొచ్చాక కూడా మెత్తగానే ఉంటుంది. తేడా అక్కడే ఉంది.

ఇదే పరీక్ష తేలిక కాలితో కూడా చేయండి. ఇది నాకు పోయినేడాది తెలిసింది. కుందులి సంత దగ్గర ట్రాఫిక్‌లో ఆగి బ్రేక్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచితే, పెడల్ తనంతట తనే జారుతోంది. గట్టిగా తొక్కితే మాత్రం నిలబడుతోంది. ఇంటికొచ్చి చూస్తే నాలుగు చక్రాల దగ్గరా చుక్క కారలేదు. జబ్బు మాస్టర్ సిలిండర్ లోపల ఉంది: అరిగిన రబ్బరు ఎక్కువ ఒత్తిడికి విచ్చుకుని గోడకి అతుక్కుంటుంది, తక్కువ ఒత్తిడికి సందు ఇస్తుంది. గట్టిగా తొక్కి చూసి "బాగానే ఉంది" అనుకుంటే ఈ జబ్బు దొరకదు.

ఇంకోటి. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే, పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగుతుంది. ఇది బూస్టర్ బాగా పనిచేస్తోందనడానికి గుర్తు. దీన్ని చూసి భయపడేవాళ్లని చూశాను. ఆ కొద్దిగా దిగి ఆగకుండా ఇంకా కిందికి పోతుంటేనే అనుమానించాలి.

ఇక ఆయిల్ ఎటు పోతోందో చూడటం. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బాలో మట్టం మ్యాక్స్, మిన్ గీతల మధ్య ఉండాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గడం సహజమే. వారం, పది రోజుల్లో కళ్లకి కనపడేంత తగ్గితే కారుతున్నట్టే. మార్కర్‌తో డబ్బా మీద గీత పెట్టి తేదీ రాసుకోండి. రాత్రి కారు కింద పాత అట్టపెట్టెలు విప్పి పరవండి. పొద్దున్న ఏ చక్రం లోపలి వైపు తడి ఉందో అట్ట చూపిస్తుంది. మా ప్రాంతంలో వానాకాలం అంతా కారు కింద తడే కాబట్టి, కప్పు ఉన్న చోట మాత్రమే ఇది పనికొస్తుంది. వేలికి అంటితే నీళ్లు ఆరిపోతాయి, బ్రేక్ ఆయిల్ జారుడుగా మిగులుతుంది. చేయి వెంటనే కడుక్కోండి, ఆ చేత్తో కంటిని ముట్టుకోవద్దు. పెయింటు మీద పడితే రంగు ఊడిపోతుంది, అప్పటికప్పుడే నీళ్లు పోసి కడగాలి.

చక్రాల దగ్గర ఏమీ లేకపోతే టార్చ్ పట్టుకుని మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి బిగించిన చోట కింది అంచు చూడండి. అక్కడ తడి ఉంటే వెనక సీలు పోయింది. కొన్నిసార్లు ఆయిల్ బూస్టర్ లోపలికే పోతుంది, బయట ఒక్క చుక్క కూడా కనపడదు, డబ్బాలో మాత్రం తగ్గుతూ ఉంటుంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బళ్లలో రెంటికీ డబ్బా ఒకటే అయ్యుండొచ్చు, క్లచ్ వైపు కూడా చూడండి. వెనక డ్రమ్ విప్పాల్సి వస్తే కారుని జాకీ మీద నమ్మి దాని కింద చేయి పెట్టొద్దు, స్టాండ్లు పెట్టండి. లోపలి దుమ్ముని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. నూనె తాగిన లైనర్లని పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. అలా చేయకండి, కొత్తవే వేయించండి, రెండు వైపులా ఒకేసారి.

కారడం లేదు, పెడల్ నిమిషం పాటు నిలబడుతోంది, అయినా ఘాటీలో మాత్రం మెత్తబడుతోందంటే ఆయిల్ వయసు అడగండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోవచ్చు. డాట్ 3కి ఇవే లెక్కలు 205, 140. సుంకి దిగుడులో బ్రేక్ మీదే కాలుంచి దిగితే ప్యాడ్లని నొక్కే కాలిపర్ దగ్గర ఆ వేడి పుట్టడం కష్టం కాదు. నీరు ఆవిరై బుడగలు కడుతుంది, పెడల్ కిందికి పోతుంది. అరగంట ఆగితే చల్లారి, ఏమీ జరగనట్టు మళ్లీ గట్టిపడుతుంది. ఆ గట్టిదనాన్ని చూసి మోసపోవద్దు. రెండేళ్లకొకసారి ఆయిల్ మొత్తం మార్చాలి. మా కొండల్లో వానలకి నేను ఆ గడువు ఒక్క నెల కూడా దాటనివ్వను. మూత తీసి ఏడాది పాటు అటక మీద పడున్న డబ్బా వాడొద్దు. కారులోని డబ్బా మూత మీద ఏ డాట్ అని రాసుందో అదే పోయాలి. ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

గాలి తీయడానికి ఇద్దరుండాలి. మా మేనల్లుడు పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిప్పిల్‌కి సరిపోయే స్పానర్, పారదర్శకమైన సన్నని గొట్టం, అడుగున కాస్త ఆయిల్ పోసిన సీసా. గొట్టం చివర ఆ ఆయిల్‌లో మునిగి ఉండాలి. వాడు తొక్కి, "తొక్కానత్తా" అంటాడు. నేను నిప్పిల్ పావు చుట్టు వదులుతాను, బుడగలతో ఆయిల్ వస్తుంది. నేను బిగించి "వదులు" అన్నాకే వాడు కాలు తీయాలి. బిగించకముందే తీస్తే గాలి లోపలికి పోయి పని మొదటికొస్తుంది. మాటకి మాట సమాధానం వచ్చాకే తర్వాతి అడుగు. బుడగలు ఆగి, ఆయిల్ తేటగా వచ్చేదాకా ఇలాగే. నాలుగైదుసార్లకొకసారి డబ్బా మట్టం చూసి నింపుతూ ఉండాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం వాడుక, మన కార్లలో అది ఎడమ వెనకది. అన్ని కార్లకీ వరస ఒకటి కాదు, మీ కారు పుస్తకంలో ఉన్నదే పాటించండి.

పాత కారైతే పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. రోజూ బ్రేక్ వేసేటప్పుడు సిలిండర్‌లో పిస్టన్ వెళ్లని లోపలి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కితే రబ్బర్లు ఆ తుప్పు మీద రాసుకుని కోసుకుపోతాయి. గాలి తీసిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందని బాధపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. మా మాస్టర్ సిలిండర్‌కి కూడా ఇదే జరిగి ఉంటుందని నాన్న అనుమానం. ఆ చెక్క సంగతి అప్పటికి నాకు తెలియదు.

బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో గాలి ఆ యూనిట్ లోపల చిక్కితే, దాన్ని తీయడానికి స్కానర్ పెట్టి లోపలి వాల్వులు తిప్పాల్సి రావచ్చు. అది ఇంట్లో అయ్యే పని కాదు. మాస్టర్ సిలిండర్ మార్చడం కూడా నేను ముట్టుకోను. రబ్బరు కిట్ వేస్తే చాలని కొందరంటారు, లోపలి గోడ గీతలు పడి ఉంటే కొత్త కిట్ కూడా నిలవదు. నేను మొత్తం సిలిండరే మార్పించాను. మెకానిక్‌కి "బ్రేక్ బాగాలేదు" అని చెప్పలేదు. "తేలిగ్గా తొక్కి పట్టుకుంటే నిమిషంలో దిగిపోతోంది, బయట ఎక్కడా కారడం లేదు, డబ్బా మట్టం తగ్గలేదు" అని చెప్పాను. ఆయన మళ్లీ గాలి తీస్తానని అనలేదు, నేరుగా సిలిండర్ విప్పాడు.

వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా కారు బయటికి తీయొద్దు, ఘాటీ వైపు అసలే వద్దు. దారిలోనే పెడల్ కిందికి పోతే గబగబా తొక్కుతూ ఒత్తిడి తెచ్చుకోండి, ఒక్కో గేరు తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్ బొత్తం నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఇంజన్ ఆపొద్దు, తాళం తిప్పొద్దు, స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.

పని అయ్యాక మొదట ఇంటి ముందే, నడకవేగంలో, పదిసార్లు బ్రేక్ వేసి చూడండి. తర్వాత నిమిషం పరీక్ష మళ్లీ, గట్టి కాలితో ఒకసారి, తేలిక కాలితో ఒకసారి. నాలుగు నిప్పిళ్లనీ పొడిగుడ్డతో తుడిచి, రబ్బరు టోపీలు పెట్టి, మర్నాడు పొద్దున వేలితో తడిమి చూడండి. డబ్బా మీద కొత్త గీత, కొత్త తేదీ. మా కారు డబ్బా మీద ఇప్పుడు అలాంటి గీతలు ఐదున్నాయి, చివరి మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.