ఫిస్టులా చెయ్యి, మూడో పాఠం: ఆరు వారాలు వేలితో చూసుకోవడం

ఫిస్టులా అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ నరాన్నీ (సిరను) కలిపి కుట్టడం. పోయిన పాఠంలో ఆ ఆపరేషన్‌కు ముందు సంగతులు చెప్పుకున్నాం. నీరసమని ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోయినా ఆ చేతికి సెలైన్ పెట్టనివ్వొద్దని, రక్తపరీక్షకు కూడా ఆ చెయ్యి చాపొద్దని అనుకున్నాం. సూదులతో మచ్చపడి గట్టిపడ్డ నరాన్ని ఎంత మంచి సర్జన్ కుట్టినా పనిచేయించడం కష్టం. ఇప్పుడు కుట్టు పడింది, పుండు ఆరుతోంది అనుకుందాం. మెడలో పైపుతో డయాలసిస్ నడుస్తోంది. ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే పని: ఫిస్టులా పెరుగుతోందో లేదో ఇంట్లోనే వేలితో తెలుసుకోవడం.

మణికట్టు దగ్గర ధమనినీ నరాన్నీ కలిపి కుట్టే ఈ పద్ధతిని న్యూయార్క్ డాక్టర్లు బ్రెషియా, సిమినో బృందం 1966లో ప్రచురించింది. ధమనిలోని వేగం నరంలోకి మళ్లుతుంది. ఆ ఒరవడికి నరం వెడల్పై, గోడ మందమై, వారానికి మూడుసార్లు లావు సూదులను తట్టుకునేలా తయారవుతుంది. డయాలసిస్ వాళ్లు దీనికి ఆరు లెక్క చెబుతారు: ఆరు వారాలకు నరం 6 మి.మీ. వెడల్పు, చర్మం కింద 6 మి.మీ. లోపే లోతు, నిమిషానికి 600 మి.లీ. ప్రవాహం. అందరికీ ఈ లెక్క కుదరదు. షుగర్ ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, నరాలు సన్నగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. కొందరికి అసలు పెరగదు. చాలాసార్లు కుట్టుకు కొంచెం పైన నరం ఇరుకవడం వల్లో, పక్క కొమ్మలు రక్తాన్ని లాగేసుకోవడం వల్లో ఇలా అవుతుంది. ముందుగా పట్టుకుంటే బెలూన్‌తో వెడల్పు చేయడమో, కొమ్మను కట్టేయడమో చేయొచ్చు. అందుకే ఈ వేలి పాఠం.

పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు మూడు వేళ్లు కుట్టు పైన తేలిగ్గా ఆనించండి. నొక్కొద్దు. బోరు మోటర్ నడుస్తుంటే పైపు మీద చెయ్యి వేస్తే తెలిసే అదురు ఉంటుంది చూడండి, అదే తెలియాలి, ఆగకుండా, సన్నగా. దాన్నే థ్రిల్ అంటారు. వేళ్లను మోచేతి వైపు మెల్లగా జరపండి. అదురు కొద్దికొద్దిగా తగ్గుతూ పోతే మంచిదే. అదురు బదులు టక్ టక్ అని గట్టి దెబ్బలు తగిలితే పైన ఎక్కడో ఇరుకుందని అనుమానించాలి. ఒకచోట మాత్రం గరగరమని గట్టిగా అదిరితే సరిగ్గా అక్కడే ఇరుకు ఉండొచ్చు.

రెండో పరీక్ష పడుకుని చేయాలి. చెయ్యిని గుండె కంటే పైకి ఎత్తండి. ఉబ్బిన నరం అణగాలి. ఉబ్బి అలాగే ఉంటే పైకి దారి సరిగా లేదని గుర్తు. మెడ పక్కన, భుజం కింద పాత పైపులు పెట్టించుకున్నవాళ్లు దీన్ని వదలొద్దు. ఆ పైపుల వల్ల లోపలి పెద్ద నరం ఇరుకవడం ఉంది. అలాంటప్పుడు చెయ్యంతా వాస్తుంది కూడా.

అదురు పూర్తిగా ఆగిపోతే? మా దగ్గరికి భర్తను తీసుకొచ్చే పెద్దమ్మ ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, “బిడ్డా, మోటర్ నడుస్తలేదు” అంది. ఇంకేం అడగలేదు, వెంటనే బయల్దేరమన్నాను. రక్తం గడ్డకడితే గంటలు లెక్క. ‘ఎల్లుండి డయాలసిస్ ఉంది కదా, అప్పుడు చెబుదాం’ అని ఆగితే ఫిస్టులా దక్కకపోవచ్చు.

గడ్డకట్టడానికి మామూలు కారణం బీపీ పడిపోవడం. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సులో వచ్చి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, ఎండలో తిరిగి పోయేవాళ్లకు ఈ భయం ఎక్కువ. మధ్యలో నీళ్లు ఎక్కువ తాగితే బరువు పెరుగుతుంది, ఆ రోజు ఎక్కువ నీళ్లు తీయాలి, బీపీ పడుతుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. అలాంటి రోజు రెండుసార్లు కాదు, ఆరుసార్లు వేలు పెట్టి చూడండి.

బంతి పిసకడం గురించి అందరూ అడుగుతారు. కుట్టు మానాక డాక్టరు చెప్పినప్పుడు మొదలుపెట్టండి, సాయమే. కానీ ఇరుకైన నరాన్ని బంతి వెడల్పు చేయదు. నెల రోజులు బంతి పిసుకుతూ పరీక్షకు పోకుండా కూర్చోవడమే అసలు నష్టం. ఆ చేతికి బిగుతు గాజులు, దర్గాలో కట్టించిన దట్టీలు వద్దు, రెండో చేతికి మార్చుకోండి. బీపీ పట్టీ కూడా ఆ చేతికి వద్దు. ఆ చెయ్యి తలకింద పెట్టి పడుకోవద్దు, యూరియా బస్తా మోయొద్దు. సిగరెట్, బీడీ కూడా నరాలను చెడగొడతాయి, మానేయాలి.

వేళ్లు చల్లబడి, తెల్లబడి, తిమ్మిరెక్కితే అది వేరే సంగతి. ధమని నుంచి వచ్చే రక్తాన్ని ఫిస్టులా ఎక్కువగా లాగేసుకుంటోంది. నొప్పి కూడా ఉంటే ఆ రోజే చూపించుకోవాలి.

ఇంటి పని: వారం పాటు కాగితం మీద రెండు గళ్లు గీసి ‘అదురు ఉంది’, ‘చెయ్యి ఎత్తితే అణిగింది’ అని రోజూ టిక్ పెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు కాగితం పట్టుకెళ్లి, డాప్లర్ పరీక్ష (నరంలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్) అవసరమా అని అడగండి. నాలుగో పాఠం మొదటి సూది గురించి. అప్పటిదాకా మెడ పైపు కట్టు తడవకుండా చూసుకోండి.